తెర అవతలి బల్ల

డిటెక్టివ్ సంసోనుకు మెడనొప్పి ఉన్న సంగతి ఖమ్మంలో అందరికీ తెలుసు. మెడకు తెల్ల కాలరు బిగించుకుని, పక్కకు చూడాల్సి వస్తే మనిషి మొత్తం తిరిగేవాడు. చూసినవాళ్లు దాన్ని గర్వం అనుకునేవారు. ఆయన అసిస్టెంటు శ్రావణి మాత్రం "మా సారు తిరిగి చూశాడంటే ఎదుటివాడి గుట్టు బయటపడ్డట్టే" అని చెప్పుకునేది. లా చదివి కోర్టు మెట్లెక్కకుండా ఈయన దగ్గర చేరిన పిల్ల. అభిమానం కాస్త ఎక్కువే.

2009 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున, స్టేషన్ రోడ్డులో టైర్ల కొట్టు మీద ఉన్న వాళ్ల ఆఫీసుకి ఒక అమ్మాయి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, చేతిసంచి గుండెకు హత్తుకుంది.

"నేను దొంగను కాదండి," అంది, పేరు కూడా చెప్పకముందే.

"ముందు మంచినీళ్లు తాగమ్మా," అన్నాడు సంసోను. "ఆ తర్వాత ఎవరు దొంగో చూద్దాం."

ఆ అమ్మాయి పేరు ప్రమీల. సొంతూరు మధిర. ఫిజియోథెరపీ చదివి, భద్రాచలంలో డాక్టర్ క్రాంతికుమార్ పెట్టిన వెన్నుపూస క్లినిక్‌లో పనిచేస్తోంది. ఆపరేషన్ లేకుండా నడుము, మెడ నొప్పులకు వైద్యం చేసే చోటు. నొప్పి ఉన్న మనిషిని బల్ల మీద పడుకోబెట్టి బెల్టులు కడతారు. కంప్యూటరు చెప్పినట్టు మిషను వెన్నును మెల్లగా లాగుతుంది, కాసేపాగి వదులుతుంది. పూసల మధ్య సందు దొరికి, నరం మీది ఒత్తిడి తగ్గుతుందని చెబుతారు. అందరికీ తగ్గదని ప్రమీలే ఒప్పుకుంది. మన్యం ఊళ్లవాళ్లకు, కూలి చేసుకునేవాళ్లకు గురువారం ఉచితం.

"నిన్న గురువారం, ఏన్కూరు నుంచి నాగక్క అనే ఆమె వచ్చిందండి. మెడ కోసం మూడోసారి రావడం. మెడలో ఏమీ ఉండకూడదు కాబట్టి పుస్తెలు తీసి స్టీలు ట్రేలో పెట్టింది. నేను బల్ల మీద కట్టి, డాక్టరుగారు ఎక్స్‌రే చూడమని పిలిస్తే వెళ్లాను. తిరిగొచ్చి విప్పేసరికి ట్రేలో పుస్తెలు లేవు. ఆమె ఏమీ అనలేదు. బయటికి పోతుంటే ఆమె బావగారు బోసిమెడ చూసి కేకలేశాడు."

"ట్రేలో ఇంకేమైనా ఉన్నాయా?"

"బంగారు కమ్మలు ఉన్నాయి. అవి అట్లాగే ఉన్నాయండి."

సంసోను శ్రావణి వైపు పూర్తిగా తిరిగాడు. "కమ్మలు వదిలేసి, పసుపుతాడుకున్న రవ్వంత పుస్తెలు పట్టుకుపోయే దొంగ. ఇతన్ని చూడాలని ఉంది."

"నాకు లేదండి," అంది ప్రమీల కళ్లు తుడుచుకుంటూ. "వచ్చే గురువారంలోగా పుస్తెలు రాకపోతే పోలీసులకు చెబుతానన్నాడు. డాక్టరుగారు అంతవరకు సెలవు పెట్టమన్నారు. ఆడదాని పుస్తెలు దొంగిలించిందంటే ఇక నన్ను ఏ క్లినిక్‌లో అడుగు పెట్టనిస్తారండి?"

"ఆ గదిలో ఇంకెవరున్నారు?"

"తెర అవతల నడుము బల్ల మీద రామన్న అని, కూనవరం దిక్కు నుంచి వచ్చే పేషెంటు. కానీ ఆయన్నీ నేనే కట్టాను. ఛాతీకి ఒక బెల్టు, నడుముకు ఒకటి. నేనే వచ్చి విప్పాను. గదికి తలుపు ఒక్కటే. బయట ఆయా పూలి, నాగక్క బావగారు కూర్చునే ఉన్నారు. ఎవరూ లోపలికి రాలేదు. ఇక మిగిలింది నేనే కదండీ."

లెక్క ఆ అమ్మాయి మీదికే వస్తోంది. అందుకే అంత భయం.

మర్నాడు సారపాక దగ్గర గోదారి వంతెన దాటి ముగ్గురూ క్లినిక్‌కి చేరారు. సంసోను గది చూశాడు. కిటికీకి గట్టి జాలీ ఉంది. రెండు బల్లల మధ్య ఆకుపచ్చ తెర ఉంది. ఆయన మెడ బల్లను ఆప్యాయంగా నిమిరాడు.

"నన్ను దీనిమీద కట్టమ్మా. ఆమె చూసిందేమిటో నేనూ చూడాలి."

రోగి కోరిందీ అదే, వైద్యుడు చెప్పిందీ అదే. శ్రావణి నవ్వు ఆపుకుంది. ప్రమీల కాలరు విప్పి, ఆయన తలను మెత్తటి తొట్టిలాంటి దాంట్లో అమర్చి, నుదుటి మీద పట్టీ వేసింది. చేతిలో ఒక స్విచ్ పెట్టింది. మిషను మెల్లగా లాగడం మొదలుపెట్టింది. సంసోనుకి పైకప్పు, ఫ్యాను, దానికి పట్టిన బూజు తప్ప ఏమీ కనిపించలేదు.

"శ్రావణీ, నువ్విప్పుడు నా తల వెనక నిలబడ్డావు."

"ఎట్లా తెలిసింది సర్?"

"చెప్పుల చప్పుడు. రోజూ వినేదే కదా." చేతిలోది తడిమి, "ఈ స్విచ్ ఏమిటమ్మా?" అని అడిగాడు.

"భరించలేకపోతే నొక్కుతారండి. లాగడం ఆగిపోతుంది. రెండు బల్లలకీ ఉంటుంది."

"మొన్న ఎవరైనా నొక్కారా?"

"రామన్న నొక్కాడు. నొప్పొచ్చిందట. నేనొచ్చేసరికి ఆయన మిషను ఆగి ఉంది. అందుకే ముందు ఆయనకే విప్పి పంపాను. ఆ తొందరలో బెల్టు కొస దొరక్క ఇబ్బంది పడ్డాను కూడా. లోపలికి దోపి ఉంది."

"నువ్వు దోపుతావా?"

"లేదండీ, కిందికి వదిలేస్తాను. లాగితే పర్రుమని ఊడిరావాలి కదా."

సంసోను మిషను ఆగేదాకా కళ్లు మూసుకుని పడుకున్నాడు. కేసు కోసమో మెడ కోసమో శ్రావణికి అర్థం కాలేదు.

ఆయా పూలి తండా మనిషి. ఉన్నమాట ఉన్నట్టు చెప్పే రకం. "ఈ స్టూలు మీంచి లేస్తే ఒట్టు సారు. ఎవలు లోపటికి పోలే. ఆమె బావ గా బెంచీ మీద కునికిపాట్లు పడుతుండె."

"నాగక్క పుస్తెలు తీసేటప్పుడు నువ్వున్నావా?"

"ఉన్న. పసుపుకొమ్ము కొంగున కట్టుకొచ్చుకున్నది పాపం. మెడల ఏం వద్దని మేడమ్ అన్నది. జర చేతికన్న కట్టు పూలీ అన్నది నాగక్క. నేను మొగుడు పోయినదాన్ని సారు. ముత్తైదువకు పసుపుదారం ముడి నేనెట్ల ఏస్త? ఎడమ మణికట్టుకు ఊకె రెండు చుట్లు చుట్టి ఇడిసిన. ముడెయ్యలే."

పుస్తెలు తీయక తప్పనప్పుడు మనిషి బోసిగా ఉండకూడదని పసుపుకొమ్ము కట్టుకోవడం ఆ ఇళ్లలో ఆచారం. భర్త బతికి ఉన్నాడని చెప్పే గుర్తు అది. సంసోను పూలి చేతుల వైపు ఒకసారి చూసి, దండం పెట్టి లేచాడు.

తిరుగుదారిలో ఏన్కూరులో జీపు దిగారు. మిరపకోతల కాలం. కల్లాల్లో ఎండుతున్న కాయల ఘాటుకు శ్రావణికి తుమ్ములు ఆగలేదు. నాగక్క బావగారు వెంకటేశ్వరరావు కల్లు సొసైటీకి పెద్ద. తెల్లచొక్కా, గట్టి గొంతు.

"దేవుడే తీసేసిండు సారు ఆ పుస్తెలు," అన్నాడు. "మూడేండ్ల సంది మొత్తుకుంటున్న, తమ్ముడు లేడు, దినం చేద్దామని. ఇనదు. నేనేమో ఆమెకు శత్రువునైన."

తమ్ముడి పేరు సీతయ్య. ఆ చుట్టుపక్కల అంతటి గీత కార్మికుడు లేడట. ఒకనాడు మోకు తాడు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుము పూసలు దెబ్బతిన్నాయి. ఆపరేషన్ చేస్తే కాళ్లు ఉంటాయో పోతాయో చెప్పలేమన్నారు. మంచంలో ఉన్నాడు. నాగక్క మిరప బస్తాలు మోసి సాకింది. కాస్త నడవగలిగాక ఇద్దరూ భద్రాద్రి రాముడికి మొక్కు తీర్చడానికి వెళ్లారు. గోదారి పొంగిన రోజులవి. స్నానానికని వెళ్లిన మనిషి రాలేదు. రేవులో తువ్వాలు మాత్రం దొరికింది.

"సర్, ఇతనే," అని గొణిగింది శ్రావణి. "పుస్తెలు పోతే ఆమె దినానికి ఒప్పుకుంటుందని..."

"కునికిపాట్లు పడేవాడు తలుపు దాటి ఎట్లా పోతాడు? పూలి అబద్ధమాడదు," అన్నాడు సంసోను.

నాగక్క ఇంట్లో దూలానికి ఒక మోకు వేలాడుతోంది. ఎక్కేవాడు లేడు గాని దానికి దుమ్ము లేదు. ఆముదంతో నిగనిగలాడుతోంది. ఆమె కూడా మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసింది. సంసోనూ అట్లాగే తిరిగాడు. గుంజల్లాంటి ఆ ఇద్దరినీ చూసి ఇంకో రోజైతే శ్రావణి నవ్వేదే. ఆ ఇంట్లో నవ్వు రాలేదు.

"మోకుకు నూనె ఎందుకమ్మా?"

"ఎండితే తెగుద్ది సారు. రేపు వచ్చినంక ఏం పెట్టి ఎక్కుతడు?"

"వస్తాడంటావా?"

"పొద్దుగూకితే నా చెవులు వాకిట్లనే ఉంటయి. పడ్డంక కుడికాలు ఈడ్చి నడిచేటోడు. ఎవలు నడిచినా ఆ చప్పుడేనేమో అని ఇంట. కాదు. మల్ల రేపు ఇంట." ఆ వెంటనే ఆమే "ఆ పిల్ల పుస్తెలు తియ్యలే సారు. ఆమెనేం అనకుండ్రి," అంది.

"మరెవరు తీశారు?"

"నేను సూడలే."

"చూడనప్పుడు ఆ పిల్ల కాదని ఎట్లా తెలుసు?"

నాగక్క లేచి మోకును సర్దబోయింది. చెయ్యెత్తినప్పుడు కొంగు జారి ఎడమ మణికట్టు కనిపించింది. పసుపుదారం బిగుతుగా ఉంది. ముడి, దాని మీద ముడి, దాని మీద ఇంకో ముడి. ఆమె గబుక్కున కొంగు కప్పుకుంది.

జూలూరుపాడు దారిలో తాటివనం దగ్గర సంసోను జీపు ఆపించాడు. ఒక గీత కార్మికుడు చెట్టు దిగి నడుము పట్టీ సర్దుకుంటున్నాడు. "కొస లోపలికి దోపుతావేమయ్యా?" అని అడిగితే అతను వింతగా చూశాడు. "వేలాడితే మట్టకు తగులుకుంటది సారు. చిన్నప్పటి సంది చెయ్యి దానంతట అదే దోపుతది."

జీపు మళ్లీ ఖమ్మం వైపు తిరిగింది. కొంత దూరం పోయాక సంసోను అన్నాడు. "శ్రావణీ, ఇన్నమ్మ పోయి ఇన్నేళ్లయింది. ఇప్పటికీ మెట్ల మీద ఆమె అడుగు పడితే గుర్తుపడతాను. పడదు, అంతే." చనిపోయిన భార్య పేరు ఆయన నోట ఎప్పుడోగాని రాదు. శ్రావణి కిటికీ వైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది.

గురువారం వచ్చింది. సంసోను పొద్దుటి నుంచి క్లినిక్ వరండాలో నిలబడి కూనవరం బస్సు కోసం చూశాడు. అంత ఆత్రంగా ఆయన ఎవరి కోసమూ ఎదురుచూడగా శ్రావణి ఎరగదు.

"రాకపోతే ఏం చేస్తాం సర్?"

"రాకపోతే నేను చెప్పేదానికి సాక్ష్యం ఉండదు. ఆ పిల్ల బతుకు, ఈమె బతుకు రెండూ మునుగుతాయి."

బస్సు వచ్చింది. గడ్డం పెరిగిన సన్నటి మనిషి ఒకడు, తలకు తువ్వాలు చుట్టుకుని, కుడికాలు కొంచెం ఈడుస్తూ దిగాడు. అతనే రామన్న. సంసోను మాట ప్రకారం ప్రమీల మామూలుగానే అతన్ని తెర అవతలి బల్ల మీద కట్టింది. మిషను మాత్రం పెట్టలేదు. ఆ తర్వాత డాక్టరు, పూలి, వెంకటేశ్వరరావు, నాగక్క గదిలోకి వచ్చారు. తెర వేసే ఉంది.

"ఏది సారు, దొరికినయా పుస్తెలు?" అన్నాడు వెంకటేశ్వరరావు. "లేకుంటే చెప్పుండ్రి, స్టేషన్ దగ్గరనే ఉన్నది."

"కూర్చోండి. ముందుగా, ఇది డబ్బు కోసం చేసిన పని కాదు. కమ్మలు ముట్టుకోలేదు. ఆ పుస్తెలే కావాల్సిన మనిషి తీశాడు. రెండోది, నాగక్కకు ఆ మనిషెవరో తెలుసు. ఏమీ చూడలేదంటుంది, నిజమే. ఆ బల్ల మీద పడుకున్నవాళ్లకు పైకప్పు తప్ప కనిపించదు. కానీ చెవులు పనిచేస్తాయి. ప్రమీల కాదని అంత గట్టిగా చెప్పిందంటే, వచ్చిన అడుగు ఎవరిదో ఆమె విన్నది."

నాగక్క కొంగును మణికట్టు మీదికి లాక్కుంది. "వద్దు సారు," అంది మెల్లగా.

"చెప్పకపోతే ఈ పిల్ల దొంగ అవుతుందమ్మా." సంసోను గొంతు తగ్గించాడు. "పూలీ, ఆ రోజు దారానికి ముడి వేశావా?"

"ఎయ్యలే సారు. చెప్తిని గద."

"ఒంటిచేత్తో ఎవరూ తమ మణికట్టుకు అంత బిగుతుగా కట్టుకోలేరు. మరి ఇప్పుడా దారానికి మూడు ముళ్లున్నాయి. పసుపుదారానికి మూడు ముళ్లు వేసే హక్కు ఈ లోకంలో ఒక్కడికే ఉంది."

వెంకటేశ్వరరావు మరదలి చేతి వైపు చూశాడు. "ఏందిది? సచ్చినోడు వచ్చి కట్టిండా?"

"చచ్చాడని అనుకున్నది మనం. తలుపులోంచి ఎవరూ రాలేదు, ఎందుకంటే ఆ మనిషి ముందునుంచీ గదిలోనే ఉన్నాడు. కట్టేసినవాడు లేవలేడని అందరం నమ్మాం. స్విచ్ నొక్కితే లాగడం ఆగుతుంది. ఆగాక బెల్టు విప్పుకోవడం పెద్ద పని కాదు. లేచాడు, తెర దాటి వచ్చాడు, మళ్లీ వెళ్లి పడుకుని తనే కట్టుకున్నాడు. ఒక్క పొరపాటు చేశాడు. అతని చెయ్యి అలవాటు కొద్దీ బెల్టు కొసను లోపలికి దోపింది. తాటిచెట్లు గీసేవాడి చెయ్యి అది. మంచం పట్టినా, పేరు మార్చుకున్నా, ఆ చెయ్యి పని మరవలేదు."

సంసోను మనిషి మొత్తంగా తెర వైపు తిరిగాడు.

"సీతయ్యా, దొంగవైతే ఈ బల్ల మళ్లీ ఎక్కేవాడివి కాదు. నువ్వే లేస్తావా?"

నాగక్క తెర వైపు చెవి ఒగ్గింది. ఆ తర్వాత పర్రుమని ఒక బెల్టు ఊడింది. ఇంకొకటి ఊడింది. కాలు ఈడుస్తున్న చప్పుడు. తెర తొలగింది.

వెంకటేశ్వరరావు ఒక్క ఉదుటున లేచి తమ్ముడి చెంప మీద కొట్టాడు. రెండోసారి ఎత్తిన చెయ్యి కిందికి రాలేదు. అదే చేత్తో తమ్ముణ్ని పట్టుకుని బొంగురుగా ఏడ్చాడు. "నీకు దినం చేద్దామంటినిరా! నా నోటితో నేనే అంటినిరా!"

సీతయ్య భార్య వైపు చూడలేక నేల చూశాడు. "మంచంల పండి ఇనేటోన్ని అన్నా. ఇది మిరప బస్తాలు మోసొచ్చి, మెడ పట్టుకుని మూలకు కూసొని ఏడ్చేది. నాకు ఇనపడదనుకునేది. బస్తా దించినా నా మోత దిగకపాయె. పోతెనన్న దించుతననుకున్న. గోదారిల దిగబోతే ధైర్యం చాలలే. కోయగూడెంల వాళ్లు నీడిచ్చిండ్రు. మొన్న తెరవతల దీని మాట ఇన్న. ఇంక పుస్తెలు ఏసుకునే ఉన్నదని తెలిసింది. తీసుకపోతె ఆశ ఇడుస్తదనుకున్న."

"మరి ముళ్లు ఎందుకు వేశావు?" అంది శ్రావణి, ఉండబట్టలేక.

బదులు నాగక్క చెప్పింది. "నేనే అన్న. అడుగు ఇని, వచ్చినవా అన్న. పలకలే. పోతె పుస్తెలు తీస్కపో, ఉంటవంటె ఈ దారానికి ముడెయ్యి అన్న. రెండూ చేసిండు సారు! పుస్తెలు తీస్కపాయె, ముళ్లూ ఏసిపాయె. ఉన్నట్టా పోయినట్టా? వారం సంది గదే ఆలోచన. పేరు చెప్తె బెదిరి మల్ల పోతడని ఈ పిల్లకు అన్యాయం చేసిన." ప్రమీల చేతులు పట్టుకుంది. "తప్పాయె బిడ్డా."

ఆ తర్వాత ఆమె మెల్లగా, మనిషి మొత్తంగా, భర్త వైపు తిరిగింది. మొన్న పైకప్పే చూసింది. ఇన్నేళ్లకు ఆ ముఖం ఇప్పుడు చూస్తోంది.

"మోత దించిన అంటివి గద," అంది. "దిగితె నా మెడ ఇన్నేండ్లు ఎందుకు నొస్తది మరి?"

సీతయ్య చొక్కా గుండీ విప్పాడు. పుస్తెలు అతని మెడలోనే ఉన్నాయి. వారం నుంచి ఒంటికి తగిలించుకునే తిరుగుతున్నాడు. తీసి నాగక్క ముందు పట్టుకున్నాడు. పూలి మెల్లగా తలుపు వైపు జరగబోయింది.

"ఏడికి పోతున్నవ్ పూలీ?" అంది నాగక్క. "నువ్వు చుట్టిన దారానికే ముడి పడ్డది. ఇటొచ్చి నా జడ పట్టుకో."

పూలి కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి జడ పైకెత్తి పట్టుకుంది. సీతయ్య మూడు ముళ్లు వేశాడు. డాక్టర్ క్రాంతికుమార్ ప్రమీల దగ్గరికి వచ్చి కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆ తర్వాత "నువ్వే చూడమ్మా పేషెంట్లను," అన్నాడు.

పని తిరిగి దొరికిన సంతోషంలో ప్రమీల వెంటనే ట్రే తెచ్చి మెడ బల్ల పక్కన పెట్టింది. అలవాటు కొద్దీ చెయ్యి చాపింది.

"అక్కా, ఇవాళ నీకు ట్రీట్‌మెంట్ ఉంది. మెడలోవి తీసి ఇందులో పెట్టు."

నాగక్క పుస్తెలను పిడికిట్లో పట్టుకుంది.

"ఇయ్యాల నొస్తె నొయ్యనీ బిడ్డా," అంది. "ఇయ్యాల తియ్య."